ఎంజైముకు గంజి పోసిన రోజులు

జర దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే ఉండనీయండి, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూడా వినవచ్చు. నేను చెప్పబోయేది జొన్న గంజి సంగతి. మధ్యలో ఒక కంప్యూటరు వస్తుంది, గీతలున్న గాజు పుల్ల ఒకటి వస్తుంది, మా ఆయన మీద నేను వేసిన నింద ఒకటి వస్తుంది. ఏది వచ్చినప్పుడు దాని సంగతి చెబుతాను, కంగారు పడకండి.

మాది నిజాంపేట. బయటి నుంచి వచ్చినవాళ్ళం కాదు. మా ఆయన మక్కజొన్న వేసిన చేనులోనే ఇప్పుడు మా నాలుగంతస్తుల ఇల్లుంది. కింద మేము, మధ్య అంతస్తుల్లో కిరాయికున్నవాళ్ళు, టెర్రస్ మీద ఒక్క గది. నేను ఐదో తరగతి దాకా చదివి, పెళ్ళయ్యాక అంగన్‌వాడీలో ఇరవై ఏళ్ళు ఆయాగా చేశాను. పిల్లలకు గంజి కాచడం, చల్లార్చడం, తాగించడం. ఎంతవరకు చల్లారితే పసినోరు కాలదో నా చూపుడువేలికి తెలుసు. ఈ వేలి సంగతి మాత్రం గుర్తు పెట్టుకోండి.

ఆ టెర్రస్ గదిలోకి అనంతపురం వైపు నుంచి ఒకతను దిగాడు. గచ్చిబౌలిలో కంప్యూటర్ ఉద్యోగం, పొద్దున ఆఫీసు బస్సు ఎక్కితే సాయంత్రానికి వచ్చేవాడు. గది చూడటానికి వచ్చిన రోజు నీళ్ళ గురించి అడగలేదు, కరెంటు గురించి అడగలేదు.

"పెద్దమ్మా, మీ ఇంట్లో గోధుమపిండి యాడ పెడతారు?" అన్నాడు.

గోధుమ ఇంత తగిలినా రెండు రోజులు కడుపు పట్టుకుని పడుకోవాలట. పెద్ద దవాఖానలో పరీక్షలు చేసి గోధుమ, బార్లీ జన్మలో ముట్టవద్దన్నారట. హోటల్లో దోసె తిందామన్నా, అంతకుముందు అదే పెనం మీద చపాతీ కాల్చి ఉంటే ఆ రోజుతో సరి. పాపమనిపించి అతని కోసం ఒక పెనం వేరుగా పెట్టాను. దాని మీద జొన్నరొట్టె తప్ప ఇంకేదీ కాల్చలేదు. అట్లా అతను కిందికి రావడం, నాతో మాట్లాడటం అలవాటైంది.

"ఏం పని బిడ్డా నీది?" అని ఒకరోజు అడిగాను.

"టెస్టర్ని పెద్దమ్మా. వేరేవాళ్ళు చేసినదాంట్లో తప్పులు పట్టేది."

"గదైతే నేను పెండ్లయినకాన్నుంచి చేస్తున్న."

వరండాలో కూర్చున్న మా ఆయన పేపర్ మీంచి తల ఎత్తకుండానే, "గది నిజం," అన్నాడు.

అతను తప్పులు పట్టాల్సిన సాఫ్ట్‌వేర్ దేనికో తెలుసా? బీరు కాచుకోవడానికి. వేరే దేశాల్లో మనుషులు ఇంట్లో పచ్చడి పెట్టుకున్నట్టు బీరు పెట్టుకుంటారట. ఎన్ని గింజలు, ఎన్ని నీళ్ళు, ఎంతసేపు మరగాలి, అన్నీ ఆ సాఫ్ట్‌వేర్ చెబుతుంది. మొదట గింజను నీళ్ళలో ఉడికించి తీపి నీళ్ళు తీయాలి. ఆ తీపి నీళ్ళను తర్వాత పులియబెడితే బీరు. తీపి ఎంత వస్తుందో కూడా ఆ సాఫ్ట్‌వేర్ ముందే అంకె వేసి చూపిస్తుంది.

మామూలు బీరు బార్లీతో చేస్తారు. బార్లీని మొలకెత్తిస్తే, పిండిని తీపి చేసే గుణం దానిలోనే పుడుతుంది. గోధుమ, బార్లీ పడనివాళ్ళు జొన్నతో చేసుకోవాలి. జొన్నలో ఆ గుణం తక్కువ. అందుకని ఎంజైమని ఒక మందు బయటి నుంచి కలపాలి. ఇట్లాంటివాళ్ళ కోసమే సాఫ్ట్‌వేర్‌లో ఒక పేజీ వేరుగా ఉంది. ఆ పేజీ ఇతనికిచ్చారు.

"నీకే ఎందుకిచ్చిన్రు?"

"ఆఫీసులో గోధుమ పడనోడు నేనొక్కణ్ణే గదా."

"నువ్వు బీరు తాగుతవా మరి?"

"వాసన గూడ చూళ్ళేదు పెద్దమ్మా."

ఆ పేజీ రాసిన మేనేజరు మేడం కూడా చూడలేదట. అందరూ కలిసి రెండేళ్ళుగా బీరు సాఫ్ట్‌వేర్ చేస్తున్నారు. ఒకరోజు దాన్ని కొనే పైదేశంవాళ్ళు ఫోన్ మీటింగులో, మీలో ఎవరైనా ఒక్కసారైనా పొయ్యి మీద పెట్టి చూశారా అని అడిగారట. ఎవరికి వాళ్ళు నెట్ కట్ అయినట్టు కదలకుండా కూర్చున్నారట.

దాంతో ఇతని మీద పడింది. పది రోజుల్లో నిజంగా వండి చూపించాలి. తెర మీది అంకె, గిన్నెలోని అంకె రెండు పాయింట్ల తేడాలోపు కలవాలి. కలిస్తే ఉద్యోగం పక్కా. కలవకపోతే పక్కా కాకముందే పంపించేస్తారు.

"ఇంతకుముందు రెండు కంపెనీల్లో ఇట్లనే నడిమధ్యలో పంపిచ్చినారు పెద్దమ్మా. ఇది గూడ పోతే ఇంగ ఊరికి పోయేదే. మా నాయిన రమ్మనే అంటాండాడు. ఊర్లో నేను ఏం చేసేది? నాకు తెలిసింది తప్పులు పట్టేదొక్కటే."

"ఇంట్ల సారా గీరా కాస్తే పోలీసోళ్ళొస్తరు బిడ్డా."

"తీపి నీళ్ళవరకే మన పని. పులియబెట్టేది పర్మిషన్ ఉండే చోట, వాళ్ళే చేసుకుంటారు. ఆఫీసులో పొయ్యి ముట్టిస్తే పొగకు గంట మోగుతుందంట. మీ వంటింట్లో చేసుకుంటా."

నేను కాదనలేదు. జొన్న గంజి కాచడానికి భయమేమిటి అనుకున్నాను.

మొదటిసారి ఆదివారం పొద్దున పెట్టాము. నా పెద్ద బగోనె కడిగి తుడిచి ఇచ్చాను. అతను ల్యాప్‌టాప్‌ను బియ్యం డ్రమ్ము మీద పెట్టి, తెర మీద ఉన్నది గట్టిగా చదవడం, నేను చేయడం. జొన్న రవ్వ ఇంత, నీళ్ళు ఇన్ని. ఉడుకు పట్టింది. బుడగలు చిటపట లేస్తుండగా అతను చిన్న బాటిల్ తీసి, మూతతో కొలిచి, తేనె రంగు నీళ్ళు అందులో పోశాడు. అదే ఎంజైము.

"గింత మరుగుతుంటె పోస్తరా?" అన్నాను.

"మరిగేటప్పుడు వేసేవాటి లిస్టులో ఉండాది పెద్దమ్మా. నారింజ తొక్క, ధనియాలు, ఎంజైము."

గంట అయ్యాక దించాము. గాజు పుల్ల తీశాడు. కింద బరువు, ఒళ్ళంతా గీతలు. నీళ్ళలో వేస్తే తేలుతుంది; నీళ్ళు ఎంత తీపైతే అంత పైకి లేస్తుంది. ఏ గీత దగ్గర నిలిస్తే అది అంకె. తెర మీద యాభై ఉంది. అతను పుల్లను బగోనెలో వేశాడు. అది తేలలేదు, మునగలేదు. పాతిన గుంజలాగా నిటారుగా నిలబడింది. వేలితో వంచితే వంగి, వంగిన చోటే ఉండిపోయింది. బగోనెలో ఉన్నది తీపి నీళ్ళు కాదు, జొన్న సంకటి.

నేను గరిటతో కొంచెం నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువైంది," అన్నాను.

"రుచి చూడమని లిస్టులో లేదు పెద్దమ్మా," అన్నాడు అతను.

ఆ సంకటిని మేము రెండు పూటలు తిన్నాము. మిగిలింది అంతస్తు అంతస్తుకు పంచాము. బుధవారం రెండోసారి పెట్టాడు, ఆఫీసుకు సెలవు పెట్టి మరీ. నీళ్ళు ఎక్కువ పోశాడు. పలచని సంకటి అయింది. గురువారం మూడోసారి. రవ్వ బదులు పిండి వేశాడు. ముద్దలు కట్టిన సంకటి అయింది. పుల్ల ఏ రోజూ తేలలేదు. మా ఆయన పళ్ళెం ముందు కూర్చుని మూత తీసి చూసి, "ఏందే, మళ్ళ గదేనా," అని మూత పెట్టేశాడు.

మూడో అంతస్తులో భీమవరం వైపు ఆవిడ ఉంటుంది. ఆ సాయంత్రమే కిందికి దిగి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"ఏమనుకోకండి, మీ ఇంట్లో ఏదో కాస్తున్నారంట కదండీ. మా వారు వాసన పట్టారు."

"ఏం వాసనమ్మా?"

"అదేనండి. మా వారికి తెలుసులెండి ఆ వాసన."

"గుడుంబ వాసన మీ ఆయనకెట్ల ఎరుక?"

ఆవిడ కాసేపు గోడ మీద క్యాలెండరు చూసింది. లోపలికి పిలిచి బగోనె చూపించాను. వంగి చూసి, పుల్లను వేలితో కదిపి, "కొంచెం ఇవ్వండి, బెల్లం వేసుకుని తింటాం," అని గిన్నె నింపించుకుని వెళ్ళింది.

శుక్రవారం పొద్దున అతను ఆఫీసుకు పోలేదు. గదిలో బట్టలు మడతపెడుతున్నాడు. సోమవారం మీటింగు. టీ తీసుకుని పైకి పోతే, గూట్లో ఎంజైము బాటిల్ కనిపించింది. అడుగున రెండు చెంచాలంత మిగిలింది.

"గీ మందు అసలు ఏం జేస్తది బిడ్డా?" అన్నాను.

"జొన్న పిండిని తింటాది పెద్దమ్మా. తిని చక్కెర చేసి ఇస్తాది. అట్ల రాసుండాది పుస్తకాల్లో. మనకేం ఇయ్యలేదు గానీ."

టీ గ్లాసు అక్కడ పెట్టి కిందికి వచ్చేశాను. కానీ నా మనసు అక్కడే ఉండిపోయింది. తింటుందంటున్నాడు. తినేదైతే ఆకలి ఉంటుంది కదా. ఆ బాటిల్ వచ్చి వారం. మూడుసార్లు దాంట్లో ఉన్నవాటిని తీసుకుపోయి మరిగేదాంట్లో పోశాము. మిగిలినవి గూట్లో పస్తులుంటున్నాయి.

నవ్వకండి. మా అమ్మగారింట్లో అంబలి కుండ ఉండేది. అందులో పుల్లటి గంజి అడుగున కొంచెం ఎప్పుడూ ఉంచేవాళ్ళు. రోజూ మనుషులు తినకముందే ఒక గరిటెడు కొత్త గంజి దానికి పోయాలి. అప్పుడే మరునాటికి అంబలి పులుస్తుంది. ఇల్లు తాళం వేసి ఊరికి పోతే కుండను పక్కింట్లో అప్పజెప్పి పోయేవాళ్ళు, మేకపిల్లను అప్పజెప్పినట్టు. మా తమ్ముడు పుట్టబోతుంటే, నొప్పులతో బండి ఎక్కిన మా అమ్మ దిగివచ్చి, కుండకు గంజి ఎవరు పోస్తారని అడిగి మళ్ళీ ఎక్కింది. ఇంట్లో తోడును ఆకలితో ఉంచకూడదు. అది మా పద్ధతి.

మధ్యాహ్నం పైకి పోయి, అడిగి, ఆ బాటిల్ తెచ్చుకున్నాను. పడేసేదే కదా, తీసుకోమన్నాడు. చిన్న స్టీలు గిన్నెలో ఒక్క చెంచా వంచాను. జొన్న గంజి చిక్కగా కాచి, పసిపిల్లకు పోసేటంత చల్లార్చి, వేలు పెట్టి చూసి, ఆ గిన్నెలో పోశాను. మూత పెట్టి పొయ్యి గట్టు మీద వెచ్చగా ఒక మూలన పెట్టాను. మనసు కుదుటపడింది.

పొద్దున లేచి మూత తీస్తే గంజి లేదు. నీళ్ళున్నాయి.

మా ఆయన తాగేసి, దొరకకుండా నీళ్ళు పోసి పెట్టాడనుకున్నాను. చెంచాతో నాలుక మీద వేసుకున్నాను. తియ్యగా ఉంది. మా ఆయనకు షుగర్. ఆరేళ్ళ నుంచి ఇంట్లో చక్కెర డబ్బా నేను దాచి పెడుతున్నాను.

"చక్కెర ఏడ దొరికింది నీకు?" అన్నాను.

"ఏం చక్కెర?"

"గంజి తియ్యగున్నది."

"గంజి తియ్యగుంటే నన్నడుగుతవేంది. గంజినడుగు."

"డాక్టరు ఏం చెప్పిండు నీకు?"

"చక్కెర తినొద్దన్నడు. నా మీద నింద వెయ్యమని నీకు చెప్పలే."

చక్కెర డబ్బా తీసి చూశాను. నేను పెట్టిన గీత దగ్గరే ఉంది. బయట నుంచి తెచ్చుకుంటున్నాడన్నమాట. ఇక ఊరుకుంటే లాభం లేదని, బాటిల్‌లో మిగిలిన చెంచాను కూడా గిన్నెలో వంచి, కొత్త గంజి కాచి చల్లార్చి పోసి, మూత పెట్టి, ఆ గిన్నెను తీసుకుపోయి బీరువాలో చీరల మధ్య పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా నడుముకు దోపుకున్నాను. మా ఆయన మంచం మీద నుంచి అంతా చూస్తున్నాడు. లేచాడు. వరండాలోకి పోయి మా చెల్లెలికి ఫోన్ చేశాడు. కిటికీలోంచి నాకు వినిపించింది.

"మీ అక్క గంజిని బీరువాల పెట్టి తాళమేస్తున్నది. మీ ఇంట్ల ఎవలికన్న గిట్లయిందా?"

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక తాళం తీశాను. ఆయన కూడా వచ్చి నా వెనక నిలబడ్డాడు. గిన్నెలో నీళ్ళు. తేటగా, తేనె నీళ్ళలాగా. ఆయనకు చెంచా ఇవ్వబోయి, షుగర్ గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను.

"ఇగ నన్నేం అంటవు?" అన్నాడు.

ఏమంటాను. గిన్నె, ఖాళీ బాటిల్ పట్టుకుని మెట్లెక్కాను.

అతను గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. మూడు ప్రయత్నాలూ విఫలం అని మేడంకు రాస్తున్నాడు. గిన్నె చూపించాను. ముందు అర్థం కాలేదు అతనికి. పుల్ల తెచ్చి, పొడుగు గ్లాసులోకి నీళ్ళు వంచి అందులో వేశాడు. పుల్ల లేచి, ఊగి, తేలింది. అతను అట్లాగే నేల మీద కూర్చున్నాడు.

"ఏం చేసినావ్ పెద్దమ్మా?"

"ఆకలైతదని ఇంత గంజి పోసిన."

"ఎంత వేడిది?"

"పిల్లల నోట్ల పోసేటంత."

బాటిల్ తిప్పి, దాని మీద చీమల్లాంటి అక్షరాలు చదివాడు. ఎక్కువ వేడి తగిలితే మందు చచ్చిపోతుందని అందులోనే రాసి ఉందట. ఈ ముక్క ఇంతకుముందు చదవలేదా అని అడిగాను.

"చదివినా. మొదటిరోజే చదివినా."

"మరి?"

"నేను టెస్టర్ని గదా పెద్దమ్మా. నా తెలివి వాడకూడదు. తెర మీద ఏముంటే అదే చేయల్ల. అప్పుడే తప్పు బయటపడేది."

"పడ్డది గదా బయట. మూడు బగోనెలు పడ్డది."

అతనికి అప్పుడు నవ్వు వచ్చింది. వెంటనే పోయింది. తప్పు పేజీలో ఉంది. పేజీ రాసింది మేడం. ఉద్యోగం పక్కా చేసే కాగితం మీద సంతకం పెట్టేది మేడమే. అయినా రాసి పంపాడు. ఎంజైమును మరిగేవాటి లిస్టులోంచి తీయాలని. గంటలో జవాబు వచ్చింది. ఆఫీసులో మళ్ళీ చేసి చూశాము, మాకు ఆ తప్పు కనబడలేదు అని.

"ఆఫీసుల పొయ్యే లేదంటివి గదా, ఎట్ల చేసిన్రు?"

"తెర మీద చేసినారు పెద్దమ్మా. తెర మీద యాభై అనే వస్తాది."

మరునాడు ఆదివారం. ఇతను ఏం చెప్పుకున్నాడో, మేడమే మా ఇంటికి వచ్చింది. గుంటూరు వైపు మనిషి. మెడలో ఆఫీసు కార్డు సెలవు రోజున కూడా ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, బగోనె దగ్గరే నిలబడింది. అంతకుముందు సాయంత్రమే ఇతను ప్రగతి నగర్ దాకా పోయి, ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళ దగ్గర నుంచి కొత్త బాటిల్ తెచ్చాడు.

రెండు బగోనెలు పెట్టాము. ఒకటి తెర మీద ఉన్నట్టు. మరుగుతుండగానే మందు. రెండోది నా పద్ధతి. గంజి ఉడికాక దించి, చల్లార్చి, వేలు పెట్టి చూసి, అప్పుడు మందు. రెండు గంటలు ఆగాము. ఈలోపు మేడం మా ఆయనను, మీరు కూడా ఇందులో పని చేస్తున్నారాండీ అని అడిగింది.

"తినే పని నాది," అన్నాడు ఆయన.

మొదటి బగోనెలో పుల్ల గుంజలాగా నిలబడింది. మేడం దాన్ని వంచి చూసింది. వంగిన చోటే ఉంది. రెండోదాంట్లో తేలింది. నేను ఇతని మొహం చూశాను. ఇతను వంగి గీతలు చూస్తున్నాడు.

"ముప్పై," అన్నాడు మెల్లగా.

"తెర మీద యాభై ఉందండి," అంది మేడం. "ఇది కూడా కలవలేదు కదా."

నేను తడబడ్డాను. నా గిన్నె రాత్రంతా గట్టు మీద ఉంది, పూటంతా బీరువాలో ఉంది. ఇది రెండు గంటలే. ఇంకొంచెం ఆగమ్మా అన్నాను. లిస్టులో రెండు గంటలే ఉందంది మేడం. సంచి భుజాన వేసుకుంది.

అప్పుడు ఇతను మూడో బగోనె పొయ్యి మీద పెట్టాడు. ఎవరినీ అడగలేదు. గంజి ఉడికించాడు, దించాడు. థర్మామీటరు అందులో వేలాడదీసి చూస్తూ నిలబడ్డాడు. ఇంకా పొగలు వస్తున్నాయి. నేను వేలు పెట్టి, ఒకటి అనేలోపే తీసేసుకున్నాను.

"గింత వేడి ఏంది బిడ్డా, కాలుతయవి."

"కాలవు పెద్దమ్మా. బాటిల్ మీద అరవై అని ఉండాది. నీది చల్లగా ఉండాది, లిస్టుది మరీ వేడి. రెండూ కాదు."

"లిస్టులో అలా లేదండి," అంది మేడం.

"లేదు మేడం," అని మందు పోసేశాడు.

నాకు మాత్రం కళ్ళు మూసుకోవాలనిపించింది. బగోనెకు దుప్పటి చుట్టాడు, వేడి పోకుండా. మళ్ళీ రెండు గంటలు. మేడం సంచి దించి, ఈసారి కుర్చీలో కూర్చుంది. నేను కొర్ర అన్నం, పప్పు పెట్టాను. ఇతను తినలేదు. బగోనె చుట్టూ దుప్పటి సరిచేస్తూనే ఉన్నాడు.

దుప్పటి తీశాక, గరిటతో తిప్పితే బియ్యం కడిగిన నీళ్ళంత పలచగా తిరిగింది. పుల్ల వేశాడు. అది ఊగుతుంటే ముగ్గురం వంగాము. ఆగింది.

"నలభై తొమ్మిది," అంది మేడం. ఆవిడే చదివింది.

తర్వాత ఆవిడ ఒక గ్లాసు అడిగి తీసుకుని, ఆ తీపి నీళ్ళు తాగింది. ఇంకో గ్లాసు తాగింది. అప్పుడు చెప్పింది.

"ఈ పేజీ ఒక్క రోజులో చేశానండి. బార్లీ పేజీ కాపీ చేసి పేర్లు మార్చాను. ఎంజైముకు అందులో చోటే లేదు. మరిగేవాటి లిస్టులో ఒక గడి ఖాళీగా ఉంది. అక్కడ పెట్టేశాను."

"ఖాళీగున్న దగ్గర పెట్టుడు నేనూ చేస్తనమ్మా. నా గంజి బీరువాల పెట్టిన," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఇతని వైపు తిరిగింది.

"చివరిసారి మీరు లిస్టు ప్రకారం చేయలేదు."

"లేదు మేడం."

"టెస్టరు అలా చేయకూడదు కదా."

ఇతను తల దించుకున్నాడు.

"ఇకమీదట అలాగే చేయండి," అంది ఆవిడ. కార్డు మెడలోంచి తీసి సంచిలో వేసుకుంది.

వెళ్ళేముందు, పేజీలో కొత్తగా ఏం రాయాలో అక్కడే కూర్చుని రాసుకుంది. అరవై డిగ్రీలని రాసింది. థర్మామీటరు లేనివాళ్ళకు ఒక మాట ఉండాలని నన్నడిగితే, వేలు ముంచి ఒకటి అనేలోపు తీసేయాల్సినంత వేడి అన్నాను. పసిపిల్లకు పోసేటంత చల్లారితే ఆలస్యమవుతుంది అని కూడా అన్నాను. ఆవిడ రెండూ ఇంగ్లీషులో పెట్టింది.

సోమవారం మీటింగులో ఆ దేశంవాళ్ళు ఆ పేజీ చదివి ఒకే ఒక ప్రశ్న అడిగారట. పసిపిల్ల అంటే ఎన్ని నెలల పిల్ల అని. ఆఫీసులో పదిమంది ఒకరి మొహం ఒకరు చూసుకుని, చివరికి ఇతను నాకు ఫోన్ చేశాడు. మీటింగు మధ్యలోంచి.

"పెద్దమ్మా, ఎన్ని నెలలంట?"

"ఆరు నెల్లు నిండినంకనే గంజి పోస్తరు బిడ్డా. గది గూడ ఎరుకలేదా వాళ్ళకు?"

అది కూడా పేజీలో చేరిందట.

ఆ సాయంత్రం బస్సు దిగి అతను తన గదికి ఎక్కలేదు. నేరుగా వంటింట్లోకి వచ్చాడు. పొయ్యి మీద అతని పెనం ఉంది.

"పక్కా అయింది పెద్దమ్మా," అన్నాడు. అంతే అన్నాడు. మడతపెట్టిన బట్టలు మళ్ళీ తీగ మీద వేలాడేసుకున్నాడని మరునాడు టెర్రస్ మీదికి పోయినప్పుడు చూశాను. మా ఆయన మాత్రం వరండాలోంచి, "ఇగ సంకటి బంద్ గదా," అని అడిగి ఖాయం చేసుకున్నాడు.

నెల తర్వాత, పర్మిషన్ ఉన్న చోట పులియబెట్టిన ఆ జొన్న బీరు ఆఫీసులో అందరికీ రుచి చూపించారట. ఇతను జన్మలో మొదటిసారి ఒక గుక్క తాగాడు. కడుపు నొప్పి రాలేదట. రుచి మాత్రం నచ్చలేదట. దీనికంటే నీ తీపి నీళ్ళే మేలు పెద్దమ్మా అన్నాడు.

ఇంకొక్క సంగతి ఉంది. నా చిన్న స్టీలు గిన్నెను నేను పారబోయలేదు. అడుగున కొంచెం ఉంచి, రోజూ గంజి పోస్తూనే ఉన్నాను. అతను చూసి చెప్పాడు.

"అది ప్రాణి కాదు పెద్దమ్మా. గంజి పోయకున్నా దానికేం కాదు."

"మరిగేదాంట్ల పోస్తే సచ్చిందంటివి గదా. బతకంది ఎట్ల సచ్చింది?"

అతను ఆలోచించి, "మేడంను అడిగి చెప్తా," అని వెళ్ళిపోయాడు.

అడగనక్కరలేకపోయింది. మొదటి రోజు నీళ్ళంత పలచనైన గంజి రెండో రోజు మజ్జిగంత పలచనైంది. మూడో రోజు అంతకంటే చిక్కగా ఉంది, తీపి కూడా తగ్గింది. ఐదో రోజు ఎట్లా పోసిన గంజి అట్లాగే ఉంది. మా అమ్మ కుండ అట్లా కాదు. పోసేకొద్దీ అది పెరిగేది, పక్కింటికి ఇచ్చినా తరిగేది కాదు. ఇది తన ఒంట్లో ఉన్నంత పని చేసింది, అయిపోయింది. పిల్లల్ని పెట్టలేదు. అప్పుడు నాకు తెలిసింది, అతను చెప్పిందే నిజమని. ఆ గిన్నె కడిగేటప్పుడు మాత్రం కొంచెం ఆలస్యంగా కడిగాను. అది ప్రాణి అని నమ్మకపోతే నేను గంజి చల్లార్చేదాన్ని కాదు కదా. ఇప్పుడు ఆ గిన్నెలో తోడు పెరుగు వేసుకుంటున్నాను.

ఇంతసేపు కూర్చున్నారు, చిక్కుడుకాయలు కూడా అయిపోయాయి. మీ పొయ్యి మీద గంజి మాడకుండా ఉండాలి. మీ ఇంట్లో ఏదైనా పడనివాళ్ళకు పెనం ఒకటి వేరుగా పెట్టే చేయి ఎప్పుడూ ఉండాలి. మీ పిల్లల పనులన్నీ పక్కా కావాలి, మీ బీరువాలో చీరలే ఉండాలి. చల్లగా ఉండండి, మరీ చల్లగా కాదు, వేలు పెట్టి చూసుకుని.